గరాటుకు లప్పం

ఆదోనిలో నూనెమిల్లు పాత్రకు నడుము పట్టేసిందంట, హైదరాబాదు నుంచి డాక్టరు వస్తాన్నాడంట అని కుళాయి కాడ హనుమంతమ్మ చెప్పిందని మా వదిన చెప్పింది. ఎమర్జెన్సీ పోయిన మరుసటేటి మాట.

హనుమంతమ్మ మాటలో సగం నిజం. వచ్చేది డాక్టరు కాదు, ఇంజనీరు. జబ్బు మాత్రం ఉన్నదే.

సిద్దప్ప సావుకారి మిల్లులో పత్తిగింజల నూనెకు తెల్లమట్టి కలిపి శుభ్రం చేసే పెద్ద ఇనుప పాత్ర ఒకటుంది. పైన గుండ్రం, అడుగున గరాటు. పంపు పెట్టి లోపలి గాలంతా లాగేస్తారు. అప్పుడు బయటి గాలి అన్ని దిక్కులా నొక్కుతుంది. గరాటు గుండ్రంగా ఉన్నంతసేపే ఆ బరువు ఓర్చుకుంటుంది. సొట్ట పడితే ఆ సొట్ట కాడే లోపలికి కూలుతుంది. రేకు ఎంత మందముండాల, గుండ్రం ఎంతవరకు తప్పొచ్చు, అన్నీ ఇంజనీర్లు పాటించే కోడు పుస్తకంలో రాసిపెట్టినారు. గరాటులో మట్టి ఇరుక్కుంటే ఏం చేయాల్నో మాత్రం రాయలేదు. అందుకని మనోళ్లు సుత్తెతో బాదుతారు. బాది బాది, గరాటు పాత సత్తు చెంబు మాదిరి అయ్యింది.

దాని కిందనే కూర్చుని వాల్వు తిప్పేది దస్తగిరి. నెత్తిమీద రేకు డబుక్కుమని లోపలికి పోయి మళ్లీ వచ్చిందని చెప్తే, "దానికి ఆవులింత వచ్చింటాది లేప్పా" అన్నాడు సావుకారి. ఆ మాట బీమా వాళ్ల చెవిన పడింది. వాళ్లకు నవ్వు రాలేదు. పరీక్ష చేయించాల్సిందే అన్నారు.

సావుకారి ఎమ్మిగనూరు నుంచి లారీలకు రంగులేసే పెయింటరు, చోటేసాబ్‌ను పిలిపించినాడు. సొట్టలన్నీ పూడేటట్టు లప్పం మెత్తించి, గీకించి, పైన వెండి రంగు కొట్టించినాడు.

ఇంజనీరు సారు వచ్చినాడు. లెక్క కట్టినాడు, మందం చాలు. వంపుగా కోసిన చెక్కను గరాటు చుట్టూ ఆనించి చూసినాడు, యాడా సందు లేదు. "కొత్తవాటిలో కూడా ఇంత గుండ్రం చూడలేదండీ" అని మెచ్చుకుని సంతకం పెట్టినాడు.

సావుకారికి సంతోషం పట్టలేదు. "ఉరుకుంద ఈరన్నా!" అని దేవునికి మొక్కి, మిల్లు ఆనవాయితీ ప్రకారం కొబ్బరికాయను గరాటుకేసి కొట్టినాడు. కాయ పగల్లేదు. పళ్లెమంత లప్పం ఊడి సారు బూటు మీద పడింది. వెనక సొట్ట నోరు తెరుచుకుని కనపడింది.

"అది... కాయ దెబ్బకు పడిన సొట్ట సార్" అన్నాడు సావుకారి.

సారు బూటు దులుపుకున్నాడు. "నేను కొలిచినప్పుడు కోడు ప్రకారమే ఉండిందండీ."

"ఇంగేం! దస్తగిరీ, పోయి కూసోప్పా. పంపు ఏస్తాము."

దస్తగిరి కదిలినాడు. సద్ది తెచ్చిన పెండ్లాం కుల్సుంబీ మొగుని చెయ్యి పట్టుకునింది.

"ఈయప్ప రాడు సావుకారీ. అంత బాగుంటే మీరిద్దరూ పోయి దాని కింద కూసోండి. పంపు నేనేస్తా."