మబ్బు చాటు పని

ఉపగ్రహం పంపిన బొమ్మల్లో అడవి ఎక్కడ తగ్గిందో గుర్తించడం నా ఉద్యోగం. పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి, చెట్లు పోయినచోట ఎర్రగీతతో హద్దు గీస్తాను. సార్ సరేనంటే అటవీశాఖకు కబురు వెళుతుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే కాబట్టి, ఈ పనేమిటో అందరికీ పదేపదే చెప్పాల్సి వచ్చేది.

"పైనుంచి నా బట్టతల కనబడుతుందా మరదలా?" అనేవాడు బావ. ఆయన బుల్డోజర్ నడుపుతాడు.

"మనిషి కనబడడు బావా. మీ బండి కూడా బొమ్మలో ఒక చుక్కలో సగమే."

"అయితే బతికిపోయాను."

పని లేక ఇంట్లో కూర్చున్న ఆయనకు వానలు మొదలయ్యాక అడవి లోపల, ఏటి వంపు దగ్గర, పని దొరికింది. చంటిదాన్ని చంకనేసుకుని బావ సంచి సర్దుతూ అక్క నన్నడిగింది.

"మబ్బు పడితే పైనుంచి ఏమీ కనబడదని వాళ్ళ ఓనరు అంటున్నాడే. నిజమేనా?"

"ఒకప్పుడు నిజమే. ఇప్పుడు రాడార్ బొమ్మలొస్తున్నాయి, మబ్బున్నా కనబడుతుంది. వెళ్ళకండి బావా. పట్టుకుంటే బండి మీదున్నవాణ్ణే పట్టుకుంటారు, ఓనర్ని కాదు."

బావ పగలబడి నవ్వాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా మరదలు పట్టేస్తుందట!"

అక్క నవ్వలేదు. సంచి సర్దడమూ ఆపలేదు.

శుక్రవారం ఏటి వంపు బొమ్మ నా వంతుకే వచ్చింది. రాడార్ బొమ్మలో చెట్లుంటే తెల్లగా, నేల బయటపడితే నల్లగా ఉంటుంది. తెల్లని దాంట్లోకి సన్నగా ఒక దారి, దాని చివర నలుపు. హద్దు గీశాను. గీత ఎక్కడా వంకర పోలేదు.

సార్ నా కుర్చీ వెనక నిలబడి చూశారు. "వాన నీళ్ళేమోనమ్మా? అవీ నల్లగానే ఉంటాయిగా."

అవునంటే అక్కడితో ఆగిపోయేది.

"నీళ్ళకి ఇంత తిన్నని అంచులుండవు సార్. నరికిందే."

"సరే, పంపించెయ్."

పంపించాను. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికింది. కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు.

సోమవారం ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"మీ బావని పట్టుకెళ్ళారే. ఓనరు ఫోనెత్తడం లేదు."

"ఊఁ."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా. గీసింది నేనే."

ఏడుస్తుందనుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టినా బాగుండేది.

"చంటిది లేచింది," అని పెట్టేసింది.

"సరే అక్కా," అన్నాను, అటువైపు ఎవరూ లేకపోయినా.