రోలు మొర

"నీకు మతుందా?" అని మా ఆయన పొద్దున్నే అడిగారు, కాఫీలో పంచదార తక్కువైనందుకు. ఆ ప్రశ్న మా ఇంట్లో పూటకోసారి వినపడుతూనే ఉంటుంది. పులుసులో ఉప్పు మరిచిపోతే మతి లేదంటారు. పోయిన నెల ఆయనన్న మాట గుర్తుపెట్టుకుని తిరిగి అప్పజెప్తే మతి చెడిందంటారు. "ఉద్యోగం చేసే ఆడదానికి మతి ఇంట్లో ఎక్కడుంటుందిలే" అని మా అత్తగారు తీర్పు చెప్పేస్తుంది. తమాషా ఏమిటంటే, బందరు ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో ఎవరి మతి ఎలా ఉందో కనిపెట్టి డాక్టరుగారికి చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం.

ఇవాళ పొద్దున ఆయన కాఫీతో ఆగలేదు. "ఇవాళ ఆ మంగతాయారు సంగతి తేలుస్తారుగా? పిచ్చేనని చెప్పెయ్ ప్రేమా. ఒక్క మాటేగా! గోవర్ధనరావు గారు మా స్కూలు కమిటీ ప్రెసిడెంటు. హెడ్మాస్టరు పోస్టు ఆయన చేతిలో ఉంది" అన్నారు. నేను సంచీ భుజాన వేసుకున్నాను. చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి, "వేరేలా చెప్పావో, మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు" అన్నారు. నాకు నిజంగానే భయం వేసింది. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

మంగతాయారుది పామర్రు దగ్గర పల్లె. భర్త గోవర్ధనరావూ అత్తగారు లక్ష్మీకాంతమ్మా తీసుకొచ్చి చేర్పించారు. నెలల తరబడి నోరు విప్పడం లేదనీ, పొద్దుగూకితే కాలవ గట్టుకు పోయి కూర్చుంటుందనీ, విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పంపేలా కాగితం రాసిమ్మనీ అడుగుతున్నారు. ఆవిడ డాక్టరు శివరామయ్య గారితో కూడా మాట్లాడలేదు. "నువ్వు కనిపెట్టి చూడు సిస్టర్, నీ మాట కూడా విని రాస్తాను" అన్నారాయన.

ఏం చూడాలో మా మేట్రన్ కృపావరం గారు ఏనాడో నేర్పారు. ప్రశ్నలకు ముందు మనిషిని చూడాలి. తల దువ్వుకుందా, కట్టుబట్ట సర్దుకుందా, కళ్ళు కలుపుతోందా, అన్నం తింటోందా అని. తరువాత ఊరూ నెలా అడగాలి. ఏం గుర్తుందో, ఏం గుర్తులేదో అడగాలి. చివర ఒక సామెత చెప్పి అర్థం అడగాలి. ఆలోచన తిన్నగా నడుస్తోందో లేదో అందులో తెలిసిపోతుందంటారావిడ.

అడగనిస్తేగా! ఏది అడిగినా లక్ష్మీకాంతమ్మదే జవాబు. "ఇది ఏ ఊరో చెప్పండమ్మా" అంటే "దానికేం తెలుసు?" అనేది. మంచం వదలదు. నేను పక్కనుంచి పోతే మాత్రం చెంగు ముడుచుకుని, మంచినీళ్ళ చెంబు అవతలికి జరుపుకునేది. మాది పేటలో క్రైస్తవ కుటుంబమని ఎవరో చెప్పారు ఆవిడకు. నిన్న మధ్యాహ్నం ఒళ్ళు మండి, బకెట్టు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గరే పెట్టాను. "పక్క మార్చాలండీ. మీకు నేను తగిలితే మళ్ళీ తలస్నానం చెయ్యాలిగా, కాస్త వరండాలో కూర్చోండి" అన్నాను. చివాలున లేచి వెళ్ళిపోయింది. పుట్టినప్పటినుంచీ నన్ను ఏడిపించిన అంటు ఒక్కపూటకు పనికొచ్చింది.

"ఇది ఏ ఊరండీ?" అని మెల్లిగా అడిగాను.

"బందరు. పామర్రులో బస్సెక్కించారు." వాడక గొంతు బొంగురుపోయింది. "కార్తీకం వెళ్ళలేదింకా."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు?"

"మాట్లాడితే పిచ్చి వాగుడన్నారు. మానేస్తే మూగ పిచ్చన్నారు. రెంటిలో తేలికైంది పట్టుకున్నానండీ."

"కాలవ గట్టుకెందుకు వెళ్ళడం?"

"నా పిల్ల పోయిందండీ. దీపాలవేళ ఇంట్లో ఏడిస్తే అరిష్టమన్నారు. గట్టు మీదైతే ఎవరూ ఏమీ అనరని." వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి ఇంకో పెళ్ళి కావాలి. కొత్త చట్టం వచ్చాక పెళ్ళాం ఉండగా కుదరదంట. పెళ్ళాం పిచ్చిదైతే వదిలించుకోవచ్చంట."

సామెత అడగాలి. తలలో ఒక్కటీ మిగల్లేదు, నోటికొచ్చింది అడిగేశాను. "రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. ఏమిటండీ దానర్థం?"

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. "రోలుకి దెబ్బలు ఒక పక్కే. మద్దెలకి రెండు పక్కలా. మా అత్తగారు మిమ్మల్ని దూరం దూరం అంటుంటే చూశాను. మీ జబ్బ మీద కమిలిన మచ్చా చూశాను. నా గోడు మీతో చెప్పుకోవడమూ అంతే కదండీ" అంది.

జాకెట్టు చెయ్యి కిందికి లాక్కున్నాను. నన్ను ఎవరైనా అంత నిదానంగా చూసి ఎన్నేళ్ళయిందో. ఏడుపొచ్చింది. దుప్పటి సర్దుతూ మింగేశాను.

ఇవాళ రౌండ్సులో మంచం చుట్టూ అందరూ చేరారు. డాక్టరుగారు ఊరడిగారు, నెలడిగారు. మంగతాయారు చెప్పింది. గోవర్ధనరావు ముఖం మాడిపోయింది. డాక్టరుగారు కలం తీసి, "నీ భర్త పేరు చెప్పమ్మా" అన్నారు.

పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. మా వైపు ఆడది మొగుడి పేరు పలకదు. ఓటర్ల జాబితా వాళ్ళొచ్చినా పక్కింటావిడ చేత చెప్పిస్తుంది. ఇప్పుడు పలక్కపోతే మొగుడే గుర్తులేడంటారు, పలికితే సిగ్గూ శరం పోయాయంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"గోవర్ధనరావు" అంది మంగతాయారు. "నాకు పిచ్చి లేదని ఆయనకీ తెలుసు."

"చూశారా డాక్టరుగారూ! మొగుణ్ణి పేరెట్టి పిలిచింది! ఇంతకంటే పిచ్చేం కావాలండీ?" అని లక్ష్మీకాంతమ్మ గుండెలు బాదుకుంది.

డాక్టరుగారి కలం ఆగింది. "నువ్వేమంటావు సిస్టర్?"

నేను నోరు తెరిచేలోపే గోవర్ధనరావు నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "తమరు మన ప్రకాశరావు మాస్టారి భార్యే కదండీ?" అన్నాడు.

గడప గుర్తొచ్చింది. మా ఆయన చెయ్యి గుర్తొచ్చింది. పిచ్చేనంటే సాయంత్రం ఇంటికి వెళ్ళి పొయ్యి రాజేసుకోవచ్చు, అంతే. మంగతాయారు నన్ను బతిమాలలేదు. ఊరికే చూస్తోంది.

"మతి స్థిమితంగా ఉందండీ" అన్నాను. "ఊరు తెలుసు, నెల తెలుసు. సామెతకు నాకంటే బాగా అర్థం చెప్పింది. బిడ్డ పోయిన దుఃఖం ఉంది. దానికి విశాఖపట్నం అక్కర్లేదండీ."

డాక్టరుగారు కలం జేబులో పెట్టేశారు. గోవర్ధనరావు నన్ను చూసిన చూపు నేరుగా మా ఇంటికే పోతుందని నాకు తెలుసు. మొవ్వలో ఉన్న అన్నయ్యకు కబురు పెట్టించమని మంగతాయారు అడిగింది. మేట్రన్ గారు మనిషిని పంపుతామన్నారు.

డ్యూటీ దిగాక మేట్రన్ గారి గదికి వెళ్ళాను.

"నర్సుల హాస్టల్లో మంచం ఏదైనా ఖాళీ ఉందాండీ?"

"ఆవిడ వార్డులోనే ఉండొచ్చు ప్రేమమ్మా, వాళ్ళన్నయ్య వచ్చేదాకా."

"ఆవిడకి కాదండీ. నాకు."