జేబులు లేని లాగు

పాపమ్మ లాగును తిరగేసి, రెండు కాళ్లూ కలిసే చోట వేలు దూర్చి చూసింది. కుట్టు గట్టిగానే ఉంది. దాని పక్కన గుడ్డ చిరిగింది. అంటే తప్పు తనది కాదు, తొడుక్కున్నవాడిది. కాలు ఎత్తేటప్పుడు తుంటి తిప్పకుండా ఉత్త మోకాలితో గుంజి ఉంటాడు. ఎవడో వెతకనక్కర్లేదు. కుడి కాలి మీద బండి ఇరుసు కందెన మరక ఉంది. తమ్ముడు దాసు.

"ఎన్నిసార్లు సెప్పినా ఇంతే ఈడు," అని గొణిగి సూదిలో దారం ఎక్కించింది.

చెరకు తోటల దీవిలో, బెల్ ఎయిర్ రివియేర్ సెష్ ఊళ్లో చీనా దుకాణం వరండా మీద, బియ్యం బస్తాలకూ ఎండుచేపల గంపకూ మధ్య ఆమె కుట్టు మిషను ఉంటుంది. చెరకు కోతల కాలం కావడంతో రోడ్డు మీద బండ్లు వరసగా మిల్లు వైపు పోతున్నాయి. ఎండాకుల దుమ్ము వచ్చి ఆమె జుట్టు మీద, మిషను చక్రం మీద వాలుతోంది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నగా, ఎత్తుగా ఉంటుంది. వంగి కుట్టీ కుట్టీ మెడ కాస్త ఎడమకు ఒరిగిపోయింది. కుడిచేతి చూపుడువేలి కొన కాయ కాచింది. పెదవుల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులుంటాయి కనక ఎవరు పలకరించినా మూలుగే జవాబు. ఆమెకు కోపం ఎక్కువని ఊళ్లో అనుకుంటారు. అందులో అబద్ధం లేదు.

ఇరవై ఒక్క ఏళ్ల కిందట వచ్చిన పెద్ద తుఫానులో ఎస్టేటు పాక కూలి ఆమె మొగుడు సుబ్బయ్య పోయాడు. దూలం పుచ్చిపోయిందని అతను రెండు నెలల ముందునుంచీ కూలీల మేస్త్రీ సర్దారుకు చెబుతూనే ఉన్నాడు. శవాన్ని బయటికి లాగినప్పుడు ఆ సర్దారే వచ్చి, దేవుడు రాసిపెట్టాడు అన్నాడు. ఆ మాటకు వచ్చిన కోపం పాపమ్మలో ఇప్పటిదాకా చల్లారలేదు. మూడేళ్లు చెరకు నరికింది. ఆ తరవాత మిషెలిన్ అనే క్రియోల్ దర్జీ ఆవిడ దగ్గర కత్తిరింపు నేర్చుకుంది. మిషెలిన్ సుయాక్ ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఈ పాత మిషను ఆమెకు వదిలేసింది.

దాన్ని నెత్తిన పెట్టుకుని పోతుంటే దుకాణం యజమాని ఆకాన్ తాత చూసి పిలిచాడు. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. దుకాణం వెనక, గట్టిపడిన మట్టి పెరట్లో, శని ఆదివారాలు మధ్యాహ్నం ఏడెనిమిది మంది మగాళ్లకు తన దేశపు సాము నేర్పుతాడు. గుద్దులు, తన్నులు, పట్లు. దానికి బట్టలు కుట్టాలన్నాడు. ఇద్దరికీ వచ్చిన భాష ఆ దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్ ఒక్కటే. అదీ ఇద్దరికీ అంతంతమాత్రమే. అందుకని ఆయన సగం చేతులతో చెప్పాడు.

గుడ్డ నీలం నూలుది, మందంగా ఉండాలి. కత్తిరించే ముందు మూడుసార్లు ఉతకాలి, తరవాత కుంచించుకుపోకూడదు. గంజి పెట్టకూడదు. రెండు కాళ్లూ కలిసే చోట నాలుగు పలకల అతుకు వెయ్యాలి, కాలు తల ఎత్తుకు లేచినా గుడ్డ పట్టి లాగకూడదు. చొక్కాకు గుడ్డ ముడులే బొత్తాలు. ఇనుము, ఇత్తడి, ఎముక ఏదీ వద్దు. పడితే ఒంట్లోకి దిగుతాయి. నడుముకు దట్టీ రెండు చుట్లు చుట్టి పక్కకు ముడి వెయ్యాలి. ముందు వేస్తే బోర్లా పడినప్పుడు కడుపులో గుచ్చుకుంటుంది, వెనక వేస్తే వెన్నులో. జేబు మాత్రం అసలు ఉండకూడదు. ఆ మాట దగ్గర ఆయన తన రెండు వేళ్లను పిడికిట్లో పెట్టి మెలితిప్పి చూపించాడు. పాపమ్మకు వెంటనే అర్థమైంది.

చివర్న పెరటి వైపున్న చెక్కతలుపు చూపించి, ఆడవాళ్లు అటు రాకూడదన్నాడు. ఒక్కసారే చెప్పాడు.

పదిహేడేళ్లుగా ఆమె ఆ తలుపు ఇవతలే కూర్చుంది. లోపల ఏం జరుగుతుందో కళ్లతో చూడలేదు. చిరిగిన బట్టలే ఆమెకు చెప్పేవి. భుజం కుట్టు విడిపోతే చెయ్యి అదుపులో లేదని, పిరుదు దగ్గర అరిగితే వాడు వెనక్కి పడుతున్నాడని, మోకాలు చినిగితే కాళ్లు చాలినంత వంచడం లేదని. వాళ్లకు తెలియనివి కూడా ఆమెకు తెలుసు. ఎవరూ అడగలేదు కనక చెప్పలేదు.

ఈ పని వల్ల మర్యాదేమీ దక్కలేదు. ఒక ఏడు రామభజన మందిరానికి నవమి చాందినీ కుడతానంటే, పెద్దమనిషి జగన్నాథం అందరి ముందూ, "చీనావోళ్ల లాగులు కుట్టే చేత్తో దేవుడికి కుడతావేటమ్మా," అన్నాడు. ఆమె గుడ్డ చుట్టుకుని వచ్చేసింది. ఆరు నెలలకు అదే మనిషి అల్లుడి కోటు చినిగిందని తెస్తే, ఇదే చెయ్యి బాబూ అని చూపించి కోటు రోడ్డు మీదికి విసిరేసింది. అప్పటినుంచి మందిరానికి వెళ్లడం మానేసింది. ఇంట్లోనే సింహాద్రి అప్పన్నకు దీపం పెట్టుకుంటుంది.

రెండు నెలలుగా ఆకాన్ తాత మంచం మీద ఉన్నాడు. పెరడు ఆయన తమ్ముడి కొడుకు ఆహిన్ చేతికి వచ్చింది. ముప్పై ఏళ్లవాడు. చీనాలో రాజరికం పోయిందని తెలిసిన వారంలోనే, రాజు హయాంలో మగాళ్లంతా పెంచాల్సిన జడ కత్తిరించేసుకుని తలకు నూనె రాసి పాపిడి తీశాడు. ఆ పొద్దున అతను ఒక పెద్ద మూట తెచ్చి పాపమ్మ మిషను మీద దించాడు.

"తంతిన్," అన్నాడు, అత్తా అనే అర్థంలో, "ఇవి ఎనిమిది. పొడుగు తగ్గించి అంచు మడిచి కుట్టు. మధ్యాహ్నానికి కావాలి."

పాపమ్మ ఒకటి విప్పింది. పోర్ట్ లూయిస్ పట్నంలో కొన్న ఖాకీ పంట్లాలు. గంజితో అట్టలా ఉన్నాయి. తొడల దగ్గర బిగుతు. రెండు పక్కలా లోతైన జేబులు. వాటితోపాటు తోలు బెల్టులు, ఇత్తడి బకిళ్లు.

గుండుసూదులు నోట్లోంచి తీసింది. "ఎందుకివి?"

"వచ్చే నెల ఎస్టేటు దొర పండగ చేస్తున్నాడు. మమ్మల్ని సాము చేసి చూపించమన్నాడు. సిపాయిల్లా కనపడాలి. ఆ సంచుల్లాంటి లాగులు వేసుకుంటే నవ్వుతారు."

"పండక్కి వేసుకో. సాముకి వద్దు. వీటిల్లో కాలు నడుము దాకా కూడా లేవదు. ఈ జేబులో ఎవడి వేలైనా ఇరుక్కుంటే విరుగుతుంది."

"నువ్వెప్పుడైనా సాము చేశావా?"

"నీకు సామొచ్చా లేదా అన్నది నీ లాగు చూసి చెప్తాను నేను."

ఆహిన్ ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "నీకు కుదరకపోతే ఫ్లాక్ ఊరి నుంచి దర్జీని పిలిపిస్తాను. ఈ వరండాలో అతనికీ చోటు కావాలి మరి," అన్నాడు.

పాపమ్మ అతని వంక చూసింది. తరవాత మిషను వంక చూసింది. మిషెలిన్ ఇచ్చిన రోజు నుంచీ అది ఈ వరండా దాటి పోలేదు. ఇంకెక్కడ పెట్టుకుంటుంది? ఖాకీ గుడ్డ సూది కిందికి తోసింది. చక్రం తిప్పుతున్నంతసేపూ పళ్లు బిగించే ఉంది. ఎనిమిది పంట్లాలకూ అంచులు మడిచింది. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. అలా పోనందుకు కూడా ఆమెకు తన మీద ఒళ్లు మండింది.

మధ్యాహ్నం దాసు బండి కట్టేసి వచ్చాడు. నలభై ఏళ్ల బలమైన మనిషి. పదేళ్ల కిందట మొదటిసారి పంచెతో పెరట్లోకి వెళితే, రెండో తన్నుకే పంచె ఊడి అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే పాపమ్మ అతనికి లాగు కుట్టింది. ఇవాళ అతను ఖాకీ పంట్లాం పట్టుకుని నడుము మీద కొలిచి చూసుకుంటున్నాడు.

"బాగుందా, అప్పా?" అని అక్కను అడిగాడు.

"అవతల పారెయ్. పాతది కుట్టేసినాను, అదేసుకో."

"అందరూ ఇదేసుకుంటారు. నానొక్కడినీ ఆ నీలం సంచీతో నిలబడితే ఏటనుకుంటారు?"

"ఎవులో ఏటో అనుకుంటారని ఒళ్లు పాడుసేసుకుంటావా? తాత జేబెందుకు వద్దన్నాడో నీకు గేపకం నేదా?"

"తాత ముసిలోడైపోనాడప్పా. ఆహిన్ కొత్త పద్ధతులు తెచ్చాడు." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "పుట్టిన కాడినుంచి పంట్లాం ఏసుకోనేదు. ఒక్కసారి దొర లాగ కట్టుకోనీ."

ఆమె కుట్టేసిన నీలం లాగును మడిచి పక్కన పెట్టింది. కోపం ఇంకా పెరిగింది. "పో," అంది.

అతను ఖాకీతోనే లోపలికి పోయాడు. పెరటి తలుపు మూసుకుంది. లోపల అడుగుల చప్పుడు మొదలైంది. మామూలుగా ఆ చప్పుడు మెత్తగా, ఒకే దెబ్బలా ఉంటుంది. ఇవాళ ముక్కలు ముక్కలుగా వినిపించింది. ఎవరో జారారు. గుడ్డ పర్రుమంది. ఎవరో నవ్వారు. పాపమ్మ మిషను తిప్పడం ఆపేసి చెవి ఒగ్గింది. ఆహిన్ గొంతు జంటలు కట్టమంది. కాసేపు పట్లు పడుతున్న రొప్పులు. అంతలో పచ్చి చెరకు గడ విరిచినట్టు ఒక చిన్న చప్పుడు. తరవాత దాసు అరుపు.

ఆమె లేచింది. చేతిలో కత్తెర ఉంది. తలుపు తోసింది.

పదిహేడేళ్లలో మొదటిసారి చూసిన ఆ పెరడు ఆమె అనుకున్నదానికన్నా చిన్నది. కొట్టి కొట్టి నల్లబడిన నేల, గోడకు ఆనించిన కర్రలు, అంతే. దాసు నేల మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. చిటికెనవేలూ దాని పక్కవేలూ పక్కకు తిరిగి ఉన్నాయి. ఆహిన్‌ను నడుము పట్టబోయాడు, వేళ్లు జేబులోకి జారాయి, ఆహిన్ అదే క్షణంలో ఒళ్లు మెలితిప్పాడు. ఇదంతా రోజర్ అనే కమ్మరి కుర్రాడు చెప్పాడు.

"చెయ్యి వెనక్కి తీసుకోవాల్సింది వాడు," అన్నాడు ఆహిన్.

పాపమ్మ తిన్నగా అతని దగ్గరికి నడిచింది. "కదలకు," అంది.

అతను కదల్లేదు. కత్తెర కొన తొడకు ఆనుకుని ఉంది మరి. ఆమె బెల్టు కింద గుడ్డ పట్టుకుని కుడి జేబును మూతి నుంచి అడుగు దాకా కోసి బయటికి పీకింది. అటు తిరిగి ఎడమది కూడా అంతే. కత్తెర కరకరమంది. ఆహిన్ పెదవులు పాలిపోయాయి. తెల్లటి రెండు గుడ్డ సంచులు ఆమె చేతిలో వేలాడాయి.

"ఆ రోజు తాత నాకు చేత్తో చూపించాడు," అంది క్రియోల్‌లో. "నీకూ చూపించే ఉంటాడు."

అందరూ తల వంచుకున్నారు. ఆమె ఒక బుట్ట నుంచి వెదురు బద్దలు విరిచి, తన పమిట అంచు చించి, దాసు వేళ్లను సరిచేసి కట్టింది. అతను కళ్లు మూసుకుని పళ్లు కొరుక్కున్నాడు. "ఇక పగ్గం పట్టలేనేటి అప్పా," అని ఒక్కసారి అడిగాడు. ఆమె కట్టు ముడి బిగించింది. కోతలు ఇంకా మూడు నెలలున్నాయి. ఆ అంచులు మడిచింది తన చేతులే.

పెరటికి అవతలి మూల ఆకాన్ తాత గది. ఆమె లోపలికి వెళ్లి ఆ రెండు జేబులూ ఆయన దుప్పటి మీద పడేసింది.

ముసలాయన చెక్కబల్ల మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మెడలో నరాలు తాళ్లలా ఉన్నాయి, తెల్లజడ భుజం మీదుగా ఛాతీ మీదికి పడింది. ఒక జేబు తీసి లోపల రెండు వేళ్లు పెట్టి చూశాడు.

"ఎవరి చెయ్యి?"

"నా తమ్ముడిది. రెండు వేళ్లు."

"కుడిచేతివా?"

"కుడిచేతివే."

ఆయన కళ్లు మూసి తెరిచాడు. "అంచులు ఎవరు కుట్టారు?"

"నేనే కుట్టాను. వద్దన్నాను, వినలేదు. అయినా కుట్టాను." ఆమె మంచం దగ్గరికి జరిగింది. "నా మాట వాళ్లు ఎందుకు వింటారు? పదిహేడేళ్లు ఆ తలుపు బయట కూర్చోబెట్టావు. ఒక్కరోజు లోపలికి పిలిచి, ఈమెకు తెలుసు, ఈమె మాట వినండి అని ఒక్కరికైనా చెప్పావా? నీ చిరుగులన్నీ నేనే కుట్టాను కదా. ఎందుకు చెప్పలేదు?"

తాత ఏదో చెప్పబోయి దగ్గాడు. చేత్తో నీళ్లని సైగ చేశాడు.

పాపమ్మ కూజా దగ్గరికి వెళ్లింది. అది ఖాళీ. పెరట్లోకి వచ్చి తొట్టిలో చెంబు ముంచింది. దాసు గోడకు జారగిలబడి ఉన్నాడు. రోజర్ అతనికి విసురుతున్నాడు. ఆహిన్ ఎటో వెళ్లాడు. జవాబు చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలనని అనుకుంటూ ఆమె చెంబుతో తిరిగి వచ్చింది.

ఆకాన్ తాత తల పక్కకు వాలింది. చేతి వేళ్లు ఇంకా ఆ జేబులోనే ఉన్నాయి. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మళ్లీ పెట్టింది.

నిలబడి, చెంబులో నీళ్లు చూస్తూ, "ఇప్పుడా పోయేది," అంది తెలుగులో. చెంబు కింద పెట్టేసింది. ఆయన వేళ్ల నుంచి జేబు తీసేసింది, కళ్లు మూసింది, జడను సరిగా ఛాతీ మధ్యకు సర్దింది. గుమ్మంలోకి వచ్చి రోజర్‌తో ఆహిన్‌ను పిలవమంది. ఆమె గొంతులో ఏ మార్పూ లేకపోవడంతో రోజర్‌కు వెంటనే అర్థం కాలేదు.

ఆహిన్ పరిగెత్తుకొచ్చాడు. రెండు పక్కలా చిరిగిన పంట్లాంతోనే మంచం పక్కన మోకాళ్ల మీద పడి తల నేలకు ఆనించాడు. పాపమ్మ అతన్ని చూసి జాలిపడలేదు. దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది. జరుగుతుంటే ఆమె కాలికి ఏదో తగిలింది.

వంగి చూసింది. మంచం కింద తాత నల్ల గుడ్డజోడు, మడమలు కలిపి నీటుగా పెట్టి ఉంది. ఎడమదానికి బొటనవేలి దగ్గర చినిగితే ఆయనే తెల్లదారంతో కుట్టుకున్నాడు. అన్ని చిరుగులూ కుట్టే ఆమెకు ఇవ్వనేలేదు. కళ్లు సరిగా కనపడని మనిషి కుట్టు అది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో రెండు చోట్ల సూది తప్పింది, చివర ముడి కూడా వెయ్యలేదు, ఆ దారం కొస జోడు పక్కన నేల మీదికి వేలాడుతోంది.