పోయొస్త అనని సెనోవారా

అబిడ్స్‌లో ఒక చర్చి వెనక గదిలో, ఊరికి కొత్తగా వచ్చిన శరణార్థి ఆడవాళ్లకు సుగుణమణి తెలుగు నేర్పేది; పాఠం అయ్యాక చిన్న ప్రార్థన చేసేది. వాళ్లలో బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా పిల్ల సెనోవారా ఒకతె. నాంపల్లి స్టేషన్ వెనక ఒక్క గది కిరాయికి తీసుకుని మొగుడితో ఉంటోంది. ఏ మాటైనా ఇట్టే పట్టేసేది గాని, వెళ్లేటప్పుడు మాత్రం "పోయొస్త" అనేది కాదు. తల వంచుకుని చెప్పులేసుకుని జారుకునేది.

సుగుణమణికి అదే గుబులు. చెప్పకుండా వెళ్లినవాళ్లు మళ్లీ రారని ఆమె భయం.

"నువ్వు చేసే ప్రార్థనకు భయపడి ఉరుకుతుందేమో అక్కా," అని చాయ్ పోస్తూ, చర్చిలో ఆమెకు తోడుగా ఉండే కేథరిన్ నవ్వింది.

సుగుణమణికి నవ్వు రాలేదు. ఆ సాయంత్రం సెనోవారాను గుమ్మంలోనే ఆపింది.

"నా ప్రార్థన నచ్చుతలేదా బిడ్డా? నచ్చకుంటే బంద్ చేస్త. చెప్పకుండ ఎందుకు పోతవు?"

"ప్రార్థన మంచిదే అమ్మా. ఇంట్ల నేను గూడ దువా చేస్త." చెప్పు తొడగబోయి ఆగింది. "మా ఊరు కాలిన నాడు మా అమ్మతోని మా భాషల గదే చెప్పిన, పోయొస్త అని. మల్ల ఆమె దగ్గరికి పోలేకపోయిన. ఇప్పుడు గా మాట నోట్ల నుంచి రాదు."

సుగుణమణి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఏదో తోచింది.

"అయితే 'ఉంట' అను. మేం గట్ల గూడ అంటం."

"పోయేటోళ్లు ఉంట అంటరా?" సెనోవారా వింతగా చూసింది.

"ఔ. ఎందుకో నాకూ తెల్వది. జర అని చూడు."

సెనోవారా మెట్లు దిగి, మొదటిసారి వెనక్కి తిరిగింది.

"ఉంట అమ్మా."

"ఉండు బిడ్డా," అంది సుగుణమణి.