ఆరో క్యారేజీ

పొద్దున ఏడు గంటలు కాకముందే సుధామణి ఫోను మోగడం మొదలయ్యేది. అప్పట్లో ఆమెకున్నవి రెండు ప్రొక్లెయిన్లు, రెండు జేసీబీలు, ఆరు టిప్పర్లు. ఒక ప్రొక్లెయిన్ కంకిపాడు అవతల చేపల చెరువు తవ్వుతుంటే, రెండోది బెజవాడలో ఏదో అపార్టుమెంటుకి సెల్లారు తవ్వుతూ ఉండేది. ఏ బండి ఎక్కడుందో, దేనికి ఎన్ని గంటల తర్వాత ఆయిలు మార్చాలో, ఏ బకెట్టు పళ్ళు అరిగాయో, భవానీపురంలో తన ఇంటి వరండాలో కూర్చుని కాగితం చూడకుండా చెప్పేది. భర్త గంగాధర్ పోయాక ఆడమనిషి మట్టిపని ఏం చేయిస్తుందని నవ్విన కాంట్రాక్టర్లే, ఏడేళ్ళు తిరిగేసరికి ఆమెను "మేడమ్‌గారూ" అని పిలవసాగారు.

మన ఊళ్ళో కొత్త అపార్టుమెంటు లేస్తుంటే మనం తలెత్తి అంతస్తులు చూస్తాం. అంతకు ముందు అక్కడ పన్నెండడుగుల గొయ్యి ఉండేదనీ, యంత్రం చెయ్యి అందని మూలల్ని పలుగూ పారా పట్టుకున్న మనుషులు దిగి చెక్కారనీ మనకు తట్టదు. ఇది అలాంటి ఒక గోతిలో జరిగిన సంగతి.

2005 జూన్. బందరు కాలువకు కాస్త దూరంలో అయిదంతస్తుల భవనానికి సెల్లారు పని. కట్టిస్తున్నాయన వెంకటకృష్ణారావుగారు. ఎండాకాలం కాలువ కట్టేసి ఉన్నప్పుడే పూర్తి కావలసిన తవ్వకం రకరకాల కారణాలతో ఆలస్యమైంది. ఈలోగా కాలువకు నీళ్ళు వదిలేశారు. అక్కడి నేల పైన నల్లమట్టి, కింద ఇసుక. ఊట దిగిందంటే కింద ఇసుక మెత్తబడిపోతుంది, పైన మన్ను మాత్రం గట్టిగా నిలబడినట్టే కనిపిస్తుంది.

ఆ రోజు సాయంత్రం సుధామణి సైటుకు వెళ్ళేసరికి ప్రొక్లెయిన్ ఆపరేటరు ఏసుపాదం బండి దిగి ఆమె కోసం నిలబడి ఉన్నాడు. గంగాధర్ రోజుల నుంచీ ఉన్న మనిషి.

"అమ్మగారూ, తూర్పు గోడ వాలకం నాకు నచ్చటం లేదండీ. పైన నెర్ర ఇచ్చింది. అడుగున చెమ్మ దిగుతోంది. సరుగుడు కర్రలు పాతి, చెక్కలు వేసి దన్ను పెట్టాక మనుషుల్ని దింపుదామండీ."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండ్రోజులండీ."

ఆమె వెంకటకృష్ణారావుగారికి ఫోను చేసింది. ఆయన నొచ్చుకున్నాడు. "ఎల్లుండి పునాది కాంక్రీటుకి అన్నీ సిద్ధం చేసుకున్నామండీ సుధామణిగారూ. ఇప్పుడు రెండ్రోజులంటే ఎలా చెప్పండి? మీ మాట మీదే కదా నేను నడుస్తున్నది!"

సుధామణి గోతి అంచుదాకా వెళ్ళి చూసింది. నెర్ర సన్నగా, గీత గీసినట్టు ఉంది. మట్టిపనిలో ఇలాంటివి ఎన్ని చూడలేదు!

"మూలలు చెక్కడమేగా మిగిలింది ఏసుపాదం. రేపొక్క పూట కానిచ్చేద్దాం."

"మీ ఇష్టం అమ్మగారూ" అని బండెక్కేశాడు.

మర్నాడు పదిన్నరకి సుధామణి ఆటోనగర్‌లో హోస్ పైపు బేరమాడుతుండగా ఫోనొచ్చింది. అవతల ఏసుపాదం గొంతు. "గోడ పడిందమ్మా" అన్నాడంతే.

ఆమె వెళ్ళేసరికి తూర్పు గోడ ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. గోతిలో సగం మేర మన్ను మేట వేసింది. పక్క ఇంటి ప్రహరీ అంచు గాలిలో వేలాడుతోంది. బకెట్టు వేస్తే లోపలున్నవాళ్ళకి తగులుతుందని ఏసుపాదం ఇంజను ఆపేసి, తానే గోతిలోకి దూకి చేతులతో మట్టి తోడుతున్నాడు. అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. వాళ్ళ అధికారి మొట్టమొదట అడిగిన మాట ఒకటే.

"లోపల ఎంతమంది ఉన్నారు?"

సుధామణికి ఆ లెక్క తెలీదు. మేస్త్రీ రత్తయ్య వైపు తిరిగింది.

"ముగ్గురండీ" అన్నాడు రత్తయ్య. "కూలీల అడ్డా మీద నుంచి అయిదుగుర్ని తెచ్చానండీ. ఇద్దరు ఆడోళ్ళు పైనే ఉన్నారు."

"పేర్లు?"

"రోజూ మారతారు కదండీ. నాకు తెలీదు."

అరగంటలో ముగ్గుర్నీ తీశారు. కాళ్ళు విరిగాయి, ఒకడికి పక్కటెముకలు పోయాయి, అయినా ఊపిరి ఉంది. అంబులెన్సు వెళ్ళిపోయింది. చుట్టూ చేరిన జనం దేవుడి దయ అనుకున్నారు. సుధామణి ఇటుకల మీద కూర్చుంది. సిబ్బంది తాళ్ళు చుట్టుకుంటున్నారు.

అప్పుడొక ఆడకూలీ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె భుజం పట్టుకుని కుదిపేసింది. పేరు వీరమ్మ. ఆ పేరు కూడా సుధామణికి తర్వాతే తెలిసింది.

"ఇంకొకడున్నాడమ్మా! ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను, పక్కకి పొమ్మంటున్నారేగానీ ఒక్కరూ వినటంలా!"

"ముగ్గురే అన్నాడే మేస్త్రీ?"

"కూలోళ్ళ క్యారేజీలు చూడండి! పొద్దున నేనే వరసగా పెట్టాను. లెక్కపెట్టుకోండి!"

సిమెంటు బస్తాల షెడ్డులో గోడవారన క్యారేజీలున్నాయి. సుధామణి లెక్కపెట్టింది. ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే.

వెనకే వచ్చిన రత్తయ్య కూడా లెక్కపెట్టాడు. "పొద్దున ఒకాయన తనంతట తానే వచ్చి పనుందా అన్నాడమ్మా. దిగమన్నాను. నేను... నేను మర్చిపోయాను."

ఆరో మనిషిని బయటికి తీసేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు పరీక్షించి బయటికొచ్చాడు.

"పోయాడమ్మా. దెబ్బలేం పెద్దవి కావు. మట్టిపెళ్ళల మధ్య కాస్త సందు దొరికినట్టుంది. కొంతసేపు బతికే ఉన్నాడు."

"ఎంతసేపు?"

"గంట. అంతకన్నా ఎక్కువే కావచ్చు."

సుధామణి మనసులో లెక్క వేసుకుంది. గంట! అంటే పైన జనం దేవుడి దయ అనుకుంటున్నప్పుడు, తాళ్ళు చుడుతున్నప్పుడు, తాను ఇటుకల మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు, అక్కడే, ఆమె కాళ్ళ కిందే, ఒక మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతున్నాడు.

ఆసుపత్రి వరండాలో వెంకటకృష్ణారావుగారు ఆమెను పక్కకి పిలిచాడు. ఎదటివాళ్ళ మంచి కోరేవాడిలాగే, మెల్లగా మాట్లాడాడు.

"సుధామణిగారూ, జరిగిందేదో జరిగింది. ఆ చనిపోయినాయన పేరెవరికీ తెలీదు. మేస్త్రీ తెచ్చినవాళ్ళలో లేడు. ఏదో దారినపోయేవాడు తొంగిచూడబోయి పడ్డాడంటే కాదనేవాళ్ళెవరు? మీరు ఒంటరి మనిషి. ఆలోచించుకోండి."

ఒక్క క్షణం సుధామణి గుండె తేలికపడింది. ఆయన మాటకన్నా, ఆ మాటకు తన మనసు ఆశపడటం ఆమెను ఎక్కువగా భయపెట్టింది. మనిషి చచ్చిపోయి రెండు గంటలు కాలేదు, అతను అసలు లేడనిపించుకోవడానికి ఇంత సులువైన దారి ఉందా? ఉంది. ఎందుకంటే అతను బతికుండగానే వాళ్ళెవరి లెక్కలోనూ లేడు.

వీరమ్మ ఆ ఆరో క్యారేజీ కొంగులో పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. స్టీలుది. మూత మీద చుక్కలతో అక్షరాలు చెక్కించి ఉన్నాయి: కె. మాణిక్యమ్మ, మైలవరం.

సుధామణి వీరమ్మను కారెక్కించుకుని మైలవరం వెళ్ళింది. బజారులో నలుగుర్ని అడిగితే ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు. గుమ్మంలో ఒకావిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది. సుధామణి చేతిలో క్యారేజీ చూడగానే లేచి నిలబడి నవ్వింది.

"అయ్యో, బస్సులో వదిలేశాడా? పేరు చూసి ఇంతదూరం తెచ్చారా తల్లీ! మా ఆయనకి మతిమరుపండీ." క్యారేజీ అందుకుని మూత తీసింది. పప్పన్నం, పక్కన మాగాయ ముక్క, పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. "చూశారా, తినను కూడా లేదు. పొద్దున కూడా ఏం తినకుండా పోయాడు."

"మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగింది సుధామణి.

"హనుమయ్యండీ. ఏం?"

చనిపోయిన మనిషి పేరు, ఇంకా ఆ సంగతి తెలియని అతని భార్య నోటి నుంచి వినవలసి వచ్చింది సుధామణికి. ఆ తర్వాత జరిగింది రాయడం కష్టం. వీరమ్మ చెప్పబోతే సుధామణి ఆపి, తానే చెప్పింది. మాణిక్యమ్మ ఏడవలేదు. చేతిలో క్యారేజీ చూసుకుంటూ, "మరి అన్నం తినలేదుగా, అన్నం తినలేదుగా" అంటూ ఉండిపోయింది.

ఆ సాయంత్రమే సుధామణి పోలీసుస్టేషన్లో వాంగ్మూలం ఇచ్చింది. హనుమయ్య తన పనిలోనే చనిపోయాడనీ, గోడ నెర్ర ఇచ్చిందని ఆపరేటరు ముందురోజే హెచ్చరించాడనీ, దింపమన్నది తానేననీ చెప్పింది. రాస్తున్న ఆయన కలం ఆపి, "ఇదంతా రాయమంటారామ్మా?" అని అడిగాడు. "రాయండి" అంది. వెంకటకృష్ణారావుగారు మళ్ళీ ఆమె ఫోను తీయలేదు. కేసు రెండేళ్ళు నడిచి సుధామణికి శిక్ష పడింది. మాణిక్యమ్మకు చెందవలసిన పరిహారం ఆమె గడపకే చేర్చింది. ఒక ప్రొక్లెయిన్ అమ్మేసింది. చాలామంది పనులివ్వడం మానేశారు. ఏసుపాదం మాత్రం ఆమెను వదిలి వెళ్ళలేదు. ఆ తర్వాత ఆమె తీసుకున్న ఏ సైటులోనూ అతను "సరే" అననిదే మనిషి కాలు గోతిలో పడలేదు.

2008లో మట్టిపని కాంట్రాక్టర్లు బెజవాడలో సమావేశమైనప్పుడు ఆమెను మాట్లాడమన్నారు. ఆమె హనుమయ్య సంగతంతా చెప్పింది. ముందువరసలో ఒక పెద్దాయన లేచాడు.

"అది మీ తప్పెందుకవుతుంది మేడమ్‌గారూ? మన్ను ఎప్పుడు జారుతుందో ఎవరికి తెలుసు? అతని ఆయుష్షు అంతే అనుకోవాలి."

"మన్ను జారుతుందని నాకు ముందురోజే తెలుసండీ" అంది సుధామణి. "జారాక కూడా అతను గంటసేపు బతికున్నాడు. కింద ఒక మనిషి ఉన్నాడని తెలిసుంటే ఆ గంట అతనికి చాలేది. మాకు తెలియలేదు. తెలుసుకోవాలని మేమెవరమూ అనుకోలేదు. దాన్ని ఆయుష్షు అనకండి. రేపు పొద్దున మీ సైటుకి వెళ్ళినప్పుడు బండి స్టార్టు చేయించేముందు ఒక్క పని చేయండి. కింద ఉన్నవాళ్ళని పేరుపెట్టి పిలవండి. పిలవలేకపోతే, ఆ పూటకి పని ఆపేయండి. గోతిలోకి దిగే మనిషి పేరు తెలియనివాడికి ఆ గొయ్యి తవ్వించే హక్కు లేదు."