నీళ్ళడగని కోడలు

"గుక్కెడు చాలు. ఎక్కువ తాగితే పక్క తడుపుతావు," అంటూ భర్త ఆమె చేతిలోని గ్లాసు లాక్కుని, అందనంత దూరంలో బల్ల మీద పెట్టేశాడు.

పొద్దున్నే నర్సు మూత్రపు గొట్టం తీసేసింది. సాయంత్రంలోగా తనంతట తాను పోస్తే సరి, లేకపోతే మళ్ళీ వెయ్యాల్సిందేనని చెప్పింది. పక్షవాతంతో కుడిచెయ్యీ మాటా పోయి, ఫిజియోథెరపీ వార్డులో పడున్న మనిషికి ఆ గొట్టం వదలడమే పెద్ద పండగ. భర్తకు మాత్రం కాదు. "గొట్టమే నయం. సంచి ఖాళీ చేస్తే సరిపోయేది. ఇంటికెళ్ళాక నిన్ను గంటగంటకీ ఎవరు లేపుతారు?"

జవాబు చెప్పడానికి నోరు లేదు. ఉన్నప్పుడు మాత్రం చెప్పిందా? బట్టల షాపులో ఏళ్ళ తరబడి నిలబడింది. భోజనం వేళ తప్ప బాత్రూంకి పంపేవాళ్ళు కాదు. ఇంట్లో ఉన్న బాత్రూమూ ఒక్కటే. మామగారు, భర్త, పిల్లలు అయ్యాక తన వంతు వచ్చేసరికి బస్సు టైమయ్యేది. దాంతో పొద్దున నీళ్ళు తాగడమే మానేసింది. "మా కోడలు బంగారం. ఎంత దూరం ప్రయాణమైనా బస్సు ఆపమని అడగదు," అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేది. ఆ మెప్పు కోసం కూడా బిగబట్టుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

సాయంత్రమైనా చుక్క రాలేదు.

"నే చెప్పలేదూ! గొట్టం పెట్టేయండి," అన్నాడు భర్త నర్సుతో.

నర్సు పొత్తికడుపు మీద చల్లటి జెల్ రాసి స్కాన్ చేసింది. నొసలు చిట్లించింది. "ఇందులో ఏముందని వస్తుంది? బావిలో ఉంటే కదా చేదలోకొచ్చేది! పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదామ్మా?"

"నేనే వద్దన్నాను. పక్క తడిస్తే మళ్ళీ..."

"తడిస్తే మారుస్తాం. గొట్టం మాట రేపు చూద్దాం. ముందు నీళ్ళు పట్టండి," అంటూ నర్సు గ్లాసు నిండా పోసి ఆమె చేతికిచ్చి, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

ఎడమచేత్తో తాగడం అలవాటు లేక గడ్డం మీదుగా దుప్పటి మీద నీళ్ళు ఒలికాయి. "చాల్చాలు, ఇటివ్వు," అని భర్త చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. గ్లాసు అడుగు కనబడేదాకా, ఆగి ఆగి తాగింది. తర్వాత ఆ ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

మాటలు నేర్పే టీచరు 'అమ్మ' అనమని రోజూ బతిమాలినా పెగలని నోరది. దాన్ని బలవంతంగా పెగల్చుకుని, అతని మొహంలోకి చూస్తూ, "ఇం... కా," అంది.