రెండు పేర్లు, ఒక్క లాగిన్

మా అమ్మాయికి రెండు పేర్లు. బడిలో భానుశ్రీ, చర్చిలో క్రిస్టినా. నేనూ కాగితాల్లో వెంకటేశ్వరరావునే. పేటలో ఆ పేరుతో పిలిస్తే పలకను, ఏసుపాదం అనాలి. హిందువులమని రాస్తేనే ఎస్సీ సర్టిఫికెట్. జ్ఞానస్నానం సంగతి కాగితానికెక్కితే అది పోతుంది. కరణాల కాలం నుంచీ ఊరందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

ఆ సర్టిఫికెట్ మీదే భానుశ్రీకి చల్లపల్లి పక్క ఊళ్లో టీచరుద్యోగం వచ్చింది. వస్తే గుణదల మాతకు కొబ్బరికాయ కొడతానని వాళ్లమ్మ మొక్కుకుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. తిరునాళ్ల జనంలో ఎక్కడ పడుకుంటుందని అమ్మాయి ఫోన్లో గది చూసింది.

"ఫారం నింపే పని కూడా లేదు నాన్నా. సర్కారు లాగిన్ కొడితే అన్నీ అవే వచ్చేస్తున్నాయి."

గదికి జ్ఞానస్నానం పేరు కూడా అడిగితే అదీ కొట్టింది. గుణదలకు వెళ్లేవాళ్లను అడగరా మరి, అనుకున్నాం.

తిరునాళ్లయిన మూడు వారాలకు ఎస్సీ సర్టిఫికెట్ మీద నోటీసు వచ్చింది. వెనకే విచారణకు ఆఫీసరు వచ్చాడు.

"వెంకటేశ్వరరావంటే నువ్వేనా?"

ఒక్క క్షణం ఆలస్యంగా పలికాను. ఆయన అది కనిపెట్టాడు.

కుర్చీలో కూర్చుని చేతిలోని ట్యాబు మా వైపు తిప్పాడు. గది కోసం చెప్పిందంతా ఆ లాగిన్ కిందే పడి ఉంది. ఒకే ఫొటో. పక్కన సర్టిఫికెట్లోని పేరు, దాని కింద చర్చి పేరు.

"క్రిస్టినా ఎవరు?"

వాళ్లమ్మ ముందుకొచ్చింది.

"మా పెద్దపిల్లండి. చచ్చిపోయింది."

"ఫొటో ఈ అమ్మాయిదేగా?"

"కవలలండి."

"చచ్చిపోయిన పిల్ల మొన్న గది ఎట్లా బుక్ చేసిందమ్మా?"

వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గొంతు తగ్గించాడు.

"నేను చూడలేదని రాయొచ్చు. కానీ ఇది నా ఒక్కడికే కనపడేది కాదు. పైన ఎవరు తెరిచినా ఉంటుంది."

భానుశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. బడి నుంచి అప్పుడే వచ్చింది, చేతికి సుద్ద ఇంకా ఉంది.

"ఊరుకోమ్మా, బతికుండగా చంపుతావేంటి," అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "నేనేనండి క్రిస్టినాని."

ఆయన కాసేపు ట్యాబులో ఏమీ కొట్టలేదు. తర్వాత కొట్టాడు.

రెండు వారాలకు ఉద్యోగం తీసేస్తూ ఉత్తర్వు ఫోన్‌కే వచ్చింది. అది చూడ్డానికి కూడా ఆ లాగినే కొట్టాల్సి వచ్చింది. మర్నాడు వాళ్లమ్మ అలవాటు కొద్దీ క్యారేజీ కట్టింది. భానుశ్రీ ముట్టుకోలేదు. అది పట్టుకుని నేను మినుము పీకడానికి పోయాను.